చెప్పు అనకుండా చెప్పుల పుస్తకం

ఢిల్లీలో నా ఉద్యోగం అనువాదం. ఒకసారి బూట్లు, చెప్పులు కుట్టడం నేర్పే చిన్న పుస్తకం తెలుగులోకి తేవాలని మా ఆఫీసు నిర్ణయించింది. అందుకు ఓ కమిటీ వేశారు. అధ్యక్షులకు తెలుగు రాదు. సభ్యుణ్ణి నేను. నిపుణులుగా ఘాజియాబాద్ నుంచి ఒక విశ్రాంత పండితుడు వచ్చారు. మాస్టారు అనేవాళ్లం.

మొదటి రోజంతా అసలు వస్తువును ఏమనాలన్న దగ్గరే ఆగిపోయాం.

"పాపోసు?" అన్నాను.

"పారసీ. కొట్టెయ్."

"బూటు?"

"ఇంగ్లీషు."

"జోడు?"

"హిందీ అనుమానం ఉందయ్యా."

"పోనీ, చెప్పు అనే అందామండీ. అచ్చ తెలుగు."

మాస్టారు కళ్లజోడు తీసి నా వైపు జాలిగా చూశారు. "ప్రభుత్వ పుస్తకంలో ఆ మాటా? తిట్టులా ఉండదూ!"

సాయంత్రానికి పాదత్రాణం ఖరారైంది. అధ్యక్షులు "అచ్ఛా, ఠీక్ హై" అని సంతకం పెట్టారు. ఆయన అన్నిటికీ అదే అనేవారు.

మర్నాడు భాగాలు మొదలయ్యాయి. లేసుల కింద ఉండే నాలుక జిహ్వ అయింది. మడమ పార్ష్ణి, అడుగున ఉండే అట్ట పాదతలం. లేసు దూర్చే కన్నాలు బంధన రంధ్రాలయ్యాయి. బొటనవేలు దూర్చే తోలు చుట్టుకి నాకే తెలుగు మాట తెలియలేదు. ద్వారకలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, చెప్పు తెగితే కొత్తది కొనుక్కోవడమే తప్ప దాని పేరుతో పనిపడలేదు. మాస్టారు క్షణం ఆలోచించి "పాదాంగుష్ఠ వలయం" అన్నారు. సిగ్గుపడుతూ రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం అశోకా రోడ్‌లో భోజనం చేసి వస్తుంటే మాస్టారి బూటు అట్ట ఊడి, అడుగు తీసి అడుగు వేస్తుంటే టపటపా కొట్టుకుంది. పేవ్‌మెంటు మీద కూర్చుని చెప్పులు కుట్టే మోచీ దగ్గరికి కుంటుతూ వెళ్లారు.

"భయ్యా, తల్లా నికల్ గయా. జల్దీ చిప్కా దో."

అట్టని హిందీలో తల్లా అన్నారు, పాదతలం ఊసే లేదు. నేను రోడ్డు వైపు తిరిగి నవ్వాపుకున్నాను. ఆయనకు అర్థమైనట్టుంది. ఆఫీసు దాకా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచారు.

పుస్తకం అచ్చయింది. కొన్ని నెలలకు తెలంగాణలోని ఒక శిక్షణ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. చెప్పులు కుట్టడం నేర్పే టీచరమ్మ.

"సార్, గీ జిహ్వ అంటే ఏంది?"

"నాలుకమ్మా."

"నాలుకనే అంటం గద సార్ మేం గూడ. మరెందుకు మార్చిన్రు?"

"మీరు ఏమేం అంటారో చెప్పండి" అని పెన్ను తీశాను. అట్ట, తోలుపట్టీకి వారు, కన్నం అంటూ చెప్పుకుపోయింది. బొటనవేలి చుట్టు సంగతి అడిగాను.

"ఉంగటం సార్. మీకు ఎర్క లేదా?"

లేదని ఒప్పుకున్నాను. తెలుగు మాటల కోసం జీతం తీసుకునేవాణ్ణి నేను.

ఆ మాటలన్నీ కలిపి సవరణ కోరుతూ ఫైలు పెట్టాను. అధ్యక్షులు ఠీక్ హై అని, నిపుణుల అభిప్రాయం తీసుకోమన్నారు. మాస్టారికి ఫోను చేసి జాబితా చదివాను. ఉంగటం దగ్గర ఆయన ఆపారు.

"ఏదీ, మళ్లీ అను."

అన్నాను.

"మా నాయనమ్మ అనేది. ఉంగటం బిగుతుగా ఉంది, వేలు ఒరుసుకుంటోందని..." అంతలోనే మాట మార్చారు. "దాని వ్యుత్పత్తి మాత్రం నాకు తెలీదయ్యా."

"మరేం చేద్దామండీ?"

"ఉంచు. కాకపోతే నా మాట కూడా పక్కన ఉండనీ."

రెండో ముద్రణలో రెండూ ఉన్నాయి. ఎలా ఉందని టీచరమ్మను అడిగాను.

"మంచిగుంది సార్. ఆ పక్కన పొడుగు మాట వస్తే మా దగ్గర నేర్సుకునే ఆడోళ్లు నవ్వి, పేజీ తిప్పేస్తున్నరు."

మాస్టారికి మొదటి ముక్క ఒక్కటే చెప్పాను.