“ఏంటండీ ఆ రాత?”

1974 జూలై 11, గురువారం. బెజవాడ, కరెంటు ఆఫీసు. ఉన్నవారు: ఇంజనీరుగారు, మా బావమరిది సుబ్బారావు, నేను.

కంకిపాడులో మేమిద్దరం కట్టిన బియ్యం మిల్లుకు ఆరు నెలలుగా కరెంటు ఇవ్వలేదు. రైతులు మమ్మల్ని నమ్మి తోలిన దాళ్వా ధాన్యం వానకు తడిసి మొలకలెత్తుతోంది. ఆ రోజు ఇంజనీరుగారు నోరు తెరిచి లంచం అడిగారు. నేను అలవాటుకొద్దీ డైరీ తీసి తేదీ, ఉన్నవారి పేర్లు, ఆయన అడిగినది రాసుకున్నాను.

“ఏంటండీ ఆ రాత?” అన్నారాయన.

“మనం మాట్లాడుకున్నదేనండీ. రోజూ రాస్తాను.”

ఆయన ముఖం పాలిపోయింది. ఫైలు విసిరికొట్టారు.

“సాక్ష్యాలు పోగేస్తున్నావా? నీ మిల్లుకి ఈ జన్మలో కరెంటు రాదు, పో!”

సుబ్బారావు ఆయన కాళ్ల మీద పడ్డాడు. “మా బావకి తుమ్మినా రాసుకునే జబ్బండీ! మమ్మల్ని చంపెయ్యకండి.”

బయటికొచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు. “రైతులకేం చెబుతావు బావా? డైరీ చదివి వినిపిస్తావా?”

మర్నాడు పొద్దున్నే ఆ పేజీ చింపి, ఇంజనీరుగారింటికి వెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

“ఇది సరే. మరి నిన్న అడిగింది?”

అదీ ఇచ్చాను. అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం చేశారు. నేను చేతులు జోడించి దణ్ణం పెట్టాను. లంచం ఇచ్చినందుకన్నా ఆ దణ్ణానికే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.