సత్యమూర్తి గారి విమాన నిమిషాలు

మా కిరందుల్ టౌన్‌షిప్‌లో సత్యమూర్తి గారిని ఏ దూరం అడిగినా విమానంలోనే చెబుతారు. గని సర్వే ఆఫీసులో ఆయన పక్క బల్ల నాది. పదేళ్లుగా వింటున్నాను.

"సార్, క్యాంటీన్ తెరిచారా?" అంటే, "తెరిచారు తేజా. విమానంలో అయితే రెండున్నర సెకన్లు," అంటారు. ఒకసారి భార్య జయగారు ఉప్పు తెమ్మంటే, బజారుకు పదకొండు సెకన్లని లెక్క తేల్చుకుని, ఉప్పు మరిచి వచ్చారు. ఆవిడ చప్పిడి పప్పు వడ్డించి, "ఉప్పు ఇంకా ల్యాండవలేదు," అన్నారట.

ఆయన ముద్దుల లెక్క మాత్రం మాకు దగ్గరి విమానాశ్రయం జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్. గాలిదారిన రెండువందల ముప్పై చిల్లర కిలోమీటర్లు. అక్కడే ఆయన పరువు పోయింది. ప్రయాణం ఎంతసేపంటే నాకు యాభై అయిదు నిమిషాలన్నారు. స్టోర్స్ బాబూరావుకు గంట, ఉదయశ్రీ టీచరుకు గంటంబావు. ముగ్గురం కలిసి నిలదీస్తే, "మూడూ కరెక్టే," అని ఫైల్లో తల దూర్చారు. ఆయన విమానానికి గేర్లున్నాయని ఊరంతా నవ్వుకున్నాం.

మొన్న వానల్లో క్యాంటీన్ బుధ్రికి అవసరం వచ్చింది. ఆమె కూతురు గంగా రాయ్‌పూర్‌లో నర్సింగు చదివింది. మర్నాడు పొద్దున్నే పట్టా ఇస్తారు. చూస్తే జగదల్‌పూర్ దాటాక ఘాట్ రోడ్డు మీద చరియలు విరిగిపడి రాయ్‌పూర్ బస్సులు లేవు. గంగా అక్కడినుంచే విమానం టికెట్ తీసేసింది. ఆఫీసు పని మీద నేనూ అదే విమానంలో వెళ్తున్నాను.

బుధ్రిది తెలంగాణ సరిహద్దులోని మరైగూడ. అడవిలో ఎలుగుబంటిని కర్రతో అదిలించిన మనిషి. విమానం అనగానే గంటె జారవిడిచింది.

"నాతోని గాదు సారూ. నడిమిట్ల ఆగిపోతే ఏంది గతి? ఫోన్‌లనే చూస్త."

"ఫోన్లో చూడ్డానికేనా నాలుగేళ్లు చదివించావు?" అన్నారు సత్యమూర్తి గారు. ఒక కన్ను మూసి, సర్వే చేస్తున్నట్టు ఆమె మొహం పరీక్షగా చూశారు. "గంటన్నర. నిమిషం దాటదు. వాచీ చూసుకో."

నాకు ఒళ్లు మండింది. పక్కకు లాగి అడిగాను. "పాపం, ఆవిడకు ఇంకా ఎక్కువ చెప్పి బెదరగొడతారేంటండీ?"

"ఎక్కేటప్పటి భయం ఎవడూ తియ్యలేడయ్యా. చెప్పిన టైము దాటినా నేల కనపడకపోతే పుట్టే భయముందే, అది ప్రాణాలు తోడేస్తుంది. అందుకే ఎవరి భయాన్నిబట్టి వాళ్లకు కలుపుతాను. పెరిగే పిల్లకి గౌను వదులుగా కుట్టించమూ? నీకు భయం లేదు, నీది అసలు లెక్క."

పదేళ్లు నవ్వినందుకు నాకు సిగ్గేసింది. ఆ మనిషి మీద చెప్పలేనంత ఇష్టమూ కలిగింది.

విమానంలో బుధ్రి ఒక చేత్తో నా మణికట్టు నలిపేస్తూ, రెండో చేతి వాచీ మీంచి చూపు తిప్పలేదు. చక్రాలు నేల తాకాయి.

"ఏంది సారూ, ఇంక అర్ధగంట ఉన్నది గద. అప్పుడే దిగినమా?"

"నీకోసం తొందరగా తోలాడు," అన్నాను నేనూ.

మర్నాడు గంగా పట్టా అందుకుంటుంటే ముందు వరసలో బుధ్రి చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో టీ తాగుతున్నాం. సత్యమూర్తి గారు గొంతు తగ్గించి అడిగారు.

"బుధ్రీ, లోపల కడుపులో తిప్పుతుందా? మా జయ వచ్చే నెల రాయ్‌పూర్ విమానంలో తీసుకెళ్లమంటోంది. నేనెప్పుడూ ఎక్కలేదు."

నా టీ సగం ఒలికింది. బుధ్రి పొయ్యి తగ్గించి వచ్చి, ఆయన మొహం కాసేపు పరీక్షగా చూసింది.

"ఏం గాదు సారూ. మీకైతే రెండు గంటలు."