మిలిటరీ ట్రక్కులో మా అక్క ఇల్లు

మా బావ మిలిటరీ వాళ్ల వేలంలో పాత ట్రక్కు కొన్నాడని విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇంటిపట్టున ఉండక ఈ తెల్లేనుగు ఎందుకని ముఖం మీదే అడిగాను. మరదలిని కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది. 

సంగతేమిటంటే అక్కకి ఉబ్బసం. చిలకలూరిపేట దగ్గర వాళ్ల ఊళ్లో మాఘం వచ్చేసరికి ఇంటి చుట్టూ మిరపకాయలు ఆరబోసిన కళ్లాలే, గాలంతా ఘాటే. పోయినేడు ఆమెను రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఇంకొక్క సీజను ఈ గాలి పీలిస్తే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. పోనీ కళ్లాలుండే ఆ మూడు నెలలూ బంధువుల ఇంట్లో ఉండమంటే అక్క వినదు. రెండో కాఫీ అడగటానికి మొహమాటపడి తలనొప్పి తెచ్చుకునే రకం. అందుకని బావ ఆమె ఇంటినే చక్రాల మీదికి ఎక్కించి, ఆ మూడు నెలలూ కొండల వైపు తిప్పుదామనుకున్నాడు. మామూలు పాత లారీ కొనొచ్చు కదా అంటే, మన వైపు మిరపకాయలు మోయని లారీ ఒక్కటి చూపించమన్నాడు. 

లారీ బాడీలు కట్టే షెడ్డులో ఆరు నెలలు పని సాగింది. మిలిటరీ రంగు మనం వాడకూడదట, గీకించి తెల్లరంగు వేయించాడు. వంటగట్టు ఎత్తు అక్క మోచేతికి కొలిచి పెట్టాడు. ఎండవేడి దిగకుండా లారీ కేబిను పైకప్పులో చెక్కకీ రేకుకీ మధ్య గోనెసంచులు కూరడం మా వైపు మేస్త్రీల అలవాటు. బావ నాలుగు గోడలూ అలాగే కూరాడు. మా వైపు సంచి అంటే మిరపకాయలు పట్టిందే, అందుకని ఉతికి ఇవ్వమని బంధువులందరికీ మరీ మరీ చెప్పాడు. తలా కాసిని ఇచ్చాం.

భాద్రపదం ఎండలో బండి ఎలా ఉందో చూద్దామని ముగ్గురం చీరాల దగ్గరి ఓడరేవు బీచికి బయల్దేరాం. పర్చూరు దాటాక రేకులు కాలి, గోడల్లోంచి కారం ఘాటు దిగింది. నాకూ బావకీ ఏమీ తెలియలేదు, పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చిన ముక్కులు మావి. అక్క పెదాలు నీలంగా మారాక గాని మాకు అర్థం కాలేదు. చీరాల ఆసుపత్రి వరండాలో బావని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏరికోరి మిలిటరీ బండి కొని దాన్నిండా మన కారమే కూరతావా, బుద్ధి గడ్డి తిందా అన్నాను. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డాడు.

అక్క గండం గడిచి ఇల్లు చేరింది గాని, ఆ బండి అమ్మేయమంది. కళ్లాలు పడేలోపు ఒక్క అవకాశం ఇమ్మని బావ బతిమాలుకున్నాడు.

వారం తర్వాత షెడ్డుకి వెళ్తే ఆయన ఒక్కడే రేకులు ఊడదీస్తున్నాడు. బయట సంచుల కుప్ప. కొన్నిటి కుట్లలో ఎర్రటి పొడి అలాగే ఉంది. వాటి మీద నీలం రంగుతో మూడు గీతలు, మా ఇంటి గుర్తు. కూలీ చేత కాలవలో ఒక్క ముంచు ముంచించి, ఉతికామని చెప్పి పంపింది నేనే.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడే నీకు తెలుసా బావా?"

"కూరింది నేనే కదా. మీ అక్క ఆనుకున్న గోడలో కూరినవన్నీ మీ గుర్తు సంచులే."

"మరి అన్ని తిట్లు తిడుతుంటే చెప్పలేదేం?"

"చెబితే మీ అక్కకి ఊపిరి తిరిగొచ్చేదా? నువ్వు లోపల దాని పక్కన కూర్చోవాల్సిన మనిషివి."

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. అంత పెద్దమనసు మా ఇంటావంటా లేదు.

ఈసారి సంచుల జోలికే పోలేదు. బండి పెట్టె మొత్తం కడిగి నెలరోజులు ఆరబెట్టి, థర్మకోలు వేశాడు. ప్రతి చెక్కనూ ముందు ఇంటికి మోసుకెళ్లి అక్కకి వాసన చూపించేవాడు. ఆమె సరేనన్నాకే మేకు దిగేది. మేస్త్రి నవ్వితే, ఇంటి యజమానురాలికి నచ్చాలి కదయ్యా అనేవాడు.

ఊళ్లో మొదటి కళ్లం పడిన రోజే మళ్లీ ఓడరేవు వెళ్లాం. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి ఆపి, కిటికీలు మూసి, ఏమాత్రం ఆయాసం వచ్చినా తలుపు కొట్టమని అక్కకి చెప్పాడు. మేమిద్దరం తలుపు పక్కనే ఇసకలో నిలబడ్డాం. అరగంట దాటినా లోపల చప్పుడు లేదు. నాకు భయమేసి తలుపు తీయమన్నాను. బావ గడియ తీశాడు.

అక్క నిద్రపోతోంది. కళ్లాల రోజుల్లో మా అక్క ఎప్పుడూ గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది, నడుం వాలిస్తే ఊపిరి ఆడదు. ఇప్పుడు దిండు కూడా లేకుండా, వెల్లకిలా, కాళ్లు బారజాపి పడుకుంది.

బావ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"లేపొద్దు," అన్నాడు. "ఇవాళ్టికి ఇక్కడే ఉందాం."