ఐరేని కుండలు, ఒరగని కారు

పెళ్ళింట్లో కొత్తకుండ పగిలితే అపశకునమంటారు. పగలగొట్టింది పిల్లి అయితే తరుముతారు, పసివాడైతే వీపు మీద ఒకటి వేస్తారు. మేనమామే పగలగొడితే ఏం చేయాలో మా హుజూరాబాద్ వైపు పెద్దలెవరూ చెప్పలేకపోయారు. నాకంటే ముందు ఆ ఘనకార్యం చేసినవాడు లేడు మరి. కూర్చోండి, చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. మా చుట్టాలు ఇప్పటికీ ఆపుకోవడం లేదు.

ఎనభైల చివర నేను కరీంనగర్‌లో ఒక దినపత్రికకు విలేకరిని. నా వాహనం సైకిలు. దాని గొలుసు కలెక్టరేట్ ముందే ఊడిపోయేది, అక్కడ చూసేవాళ్ళు ఎక్కువ కనుక. అటువంటి సైకిలు మీద తిరిగే పెద్దమనిషి ఆదివారం అనుబంధంలో ఏం రాశాడనుకున్నారు? రెండు విదేశీ స్పోర్ట్స్ సెడాన్ల సస్పెన్షన్‌కూ హ్యాండ్లింగ్‌కూ పోలిక, అరపేజీ, బొమ్మలతో సహా. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు మోటారు పత్రికలు కొని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకొని చదివి రాశాను. "మెత్తని స్ప్రింగులు సోమరుల కోసం. గట్టి స్ప్రింగుల కారు రోడ్డును వేలికొసలతో చదువుతుంది. మలుపులో ఒరగని కారే కారు" అని తీర్పిచ్చాను. ఆ రెండు కార్లలో ఒక్కదాన్నీ బొమ్మలో తప్ప చూడలేదు. కల్లు వాసన తెలియనివాడు ఈతకల్లుకూ తాటికల్లుకూ తేడా తేల్చినట్టన్నమాట.

అచ్చయిన అజ్ఞానాన్ని అందరికంటే ముందు నమ్మేది రాసినవాడే. నా తరువాత నమ్మినవాడు మా రాజిరెడ్డి బావ, మా అక్క భర్త. జమ్మికుంటలో పత్తి వ్యాపారం, హుజూరాబాద్‌లో ఇల్లు. వ్యాసం చదివిన ఉత్సాహంలో బొంబాయికి పోయి, అక్కడెవరో వాడి వదిలించుకున్న ఒక విదేశీ ఎర్ర సెడాన్‌ను కొనుక్కొచ్చాడు. వాకిట్లో గింజలేరుకునే కోడి తల వంచి చూస్తే గాని కనబడనంత పొట్టిది. దాని పక్కనే ఇంటి పాత కారు ఉండేది, తెల్లగా, గుండ్రంగా, అజీర్తి చేసిన శావుకారిలా. కంపెనీల పేర్లు రాయను. తప్పు వాళ్ళది కాదు.

ఇంతలో అక్క కూతురు స్వప్న పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళికి ముందు కుమ్మరి ఇంటినుంచి ఐరేని కుండలు తెస్తారు. సున్నం, జాజు అనే ఎర్రమన్ను పూసి, ముగ్గులేసి, చూడముచ్చటగా ఉంటాయి. డప్పులతో వాటిని ఇంటికి తెచ్చి పెడితేనే పెళ్ళి పనులు ముందుకు సాగుతాయి. బావ వాళ్ళు హుజూరాబాద్ చేరి ఏళ్ళయినా కుండలు మాత్రం సొంతూరి కుమ్మరి రాజయ్య చేతివే కావాలి. ఎడ్లబండిలో గడ్డి పరిచి తెచ్చేవారు. ఆ సంగతే కుండలు తెచ్చే ముందు రోజు వాకిట్లో మాట్లాడుకుంటుంటే బావ ఎర్రకారు తుడుస్తూ నన్ను కదిలించాడు.

"ఏం బామ్మర్ది, గట్టి స్ప్రింగులే మంచివని రాస్తివి గద. మన ఎర్రదానివి గట్టియేనా?"

నేను డాక్టరు పొట్ట చూసినట్టు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నొక్కాను. కారు కదల్లేదు.

"రాయి లెక్క ఉన్నది బావా. దీని ముందర తెల్లది ఉత్త ఊయల."

అరుగు మీద తమలపాకు నములుతున్న పెద్దవ్వ, అంటే మా అమ్మకు అక్క, తల తిప్పింది. "ఊయలల పిల్లలు మంచిగనే పండుకుంటరు గద కొడుకా."

పేపరు విలేకరి పెద్దవ్వలతో వాదిస్తాడా? నేను బావ వైపు తిరిగాను. "రేపు కుండలు కార్లల్ల తెద్దాం. సగం తెల్లదాంట్ల, సగం ఎర్రదాంట్ల. ఒకటే తొవ్వ, ఒకటే మలుపులు. ఏది ఏందో తేలిపోతది."

బావ మొహం వెలిగింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. బావ కారుతో అక్క కుండల మీద బామ్మర్ది పరీక్ష పెట్టాడు.

అక్క లోపలినుంచి చేట పట్టుకొనే వచ్చింది. "కుండలు బండ్ల వస్తయ్. గడ్డి పరుస్తం. ఎప్పటి లెక్కనే తెస్తం."

"అక్కా, శతాబ్దమే అయిపోవస్తున్నది, ఇంకా ఎడ్లబండేనా?"

"శతాబ్దం పోతే పోనీ. నా కుండలు పోవద్దు."

"మామా," అంది స్వప్న, చేతులకు గోరింటాకుతో గడపలో నిలబడి, "పెళ్ళి నాది, పరీక్ష నీదా?"

"జర ఆగు బిడ్డా. ఒక్క ముగ్గుగీత చెదరదు, చూస్తుండు."

అక్క చేట కింద పెట్టింది. "ఒక్కటి పగిలినా మల్ల ఊరికి పోయి, నెత్తి మీద పెట్టుకొని నువ్వే నడిచి రావాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. నేనైతే ఇంకా రాసి కూడా పోగొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున రాజయ్య వాకిట్లో కుండలు పెళ్ళికూతుళ్ళలా వరుసగా ఉన్నాయి. ఆయన ఒక మోపు వరిగడ్డి తెచ్చి కారు దగ్గర పడేశాడు.

"గడ్డి వద్దు" అన్నాను. "గడ్డేస్తే పరీక్ష గడ్డిదైతది, కారుది గాదు."

"మీ ఇష్టం పటేలా. మల్ల నా మన్ను మంచిది గాదనకుండ్రి."

తెల్లకారులో డ్రైవరు యాకూబ్ వెనక కుండలు సర్దుతుండగానే, కుండల కోసం మాతో వచ్చిన పెద్దవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తలుపు తీసుకొని ఎక్కి కూర్చున్నారు. "మోకాళ్ళు నొస్తున్నయ్, నేను నడువ" అంది పెద్దవ్వ. సరే, ముసలికారుకు ముసలి బరువు, అని ఉదారంగా వదిలేశాను. ఎర్రకారులో మాత్రం వెనక సీటు నిండా కుండలే. మనిషి ఎక్కితే బరువు మారి ఫలితం చెడుతుందని ఎవరినీ ఎక్కనివ్వలేదు. ముందు నేను, స్టీరింగు దగ్గర బావ.

చెరువుకట్ట దాకా రోడ్డు నున్నగా ఉంది. కట్ట చివర పెద్ద మలుపు. అక్కడ బుద్ధున్నవాడు "జర మెల్లగ" అంటాడు. నేను ఏమన్నానో వినండి.

"బ్రేకు తొక్కకు బావా. హ్యాండ్లింగ్ గీడనే తెలుస్తది."

బావ తొక్కలేదు. ఆ కారును మెచ్చుకోవాలి. వేలెడు కూడా ఒరగలేదు. జలగలా రోడ్డును పట్టుకొని మలుపు తిరిగింది. నేను రాసిన ప్రతి అక్షరమూ నిజమైంది. అయితే కారు తిరుగుతున్నదని కుండలకు ఎవరూ చెప్పలేదు. అవి తమ దారిన తాము నేరుగా పోయాయి.

"ఏం చప్పుడు బామ్మర్ది?"

"సైలెన్సర్ కావచ్చు బావా."

మలుపు దాటాక గుంతలు మొదలయ్యాయి. గట్టి స్ప్రింగులు రోడ్డును చదువుతాయని రాశాను కదా, చదివాయి. గుంతను గుంతగా, అక్షరం పొల్లుపోకుండా, బడిపిల్లల్లా గొంతెత్తి చదివాయి. వెనకనుంచి మళ్ళీ చప్పుడు.

"ఇంకో సైలెన్సర్ కూడ ఉన్నదా?" అన్నాడు బావ. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ధైర్యమంతా వ్యాసంలోనే ఖర్చయిపోయింది.

ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. అక్క హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. బావ దిగి వెనక తలుపు తీశాడు. ఐరేని కుండలు పెంకులై, కంకర లారీ ఒంపినట్టు, గలగలమని అక్క పాదాల మీదికి జారాయి. డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నేను పలికిన మాట మా వంశంలో ఇంకా బతికే ఉంది.

"ఒక్క మలుపుల గూడ ఒరగలే అక్కా."

"ఒరిగితే మంచిగుండు. తలుపు ఊడి నువ్వు కింద పడేటోనివి."

అప్పుడే తెల్లకారు మడుగులోంచి లేచిన బర్రెలా ఊగుతూ వచ్చి ఆగింది. అందులో ఒక్క కుండా చెక్కుచెదరలేదు. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. నేను "రోడ్డే ఓడు బావా" అనబోతుంటే బావ అడ్డొచ్చాడు.

"గెలిచింది తెల్లదేనా మరి?"

"తెల్లది గెలుచుడేంది?" అంది పెద్దవ్వ, ఒక్కొక్క కుండను అందిస్తూ. "గా మలుపుకాడ నా తల పోయి అద్దానికి తాకింది. ఒడిల పెట్టుకున్నం గాబట్టి బతికినయ్."

అంటే తెల్లకారు గెలవలేదు. ఎర్రకారు ఓడిపోలేదు. పోటీలో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళ ఒడి, నేను దాన్ని మోకాళ్ళనొప్పి అనుకొని ఎక్కించుకున్నాను. ఇంత గుడ్డి పోలిక రాసినందుకు మా పత్రిక నా జీతం పెంచాలా, తీసెయ్యాలా అని చాలాకాలం నాకే అనుమానంగా ఉండేది.

రాజయ్య కొన్ని కుండలు ఎక్కువే కాల్చి ఉంచాడని, ముగ్గులేయించి తేవచ్చని తెలిశాక అక్క కోపం కొంత తగ్గింది. శిక్ష తగ్గలేదు. "ఫికర్ లేదు. పగిల్నన్ని నా తమ్ముడు తెస్తడు. నడిచి తెస్తడు. డప్పులు గూడ వెంట పోవాలె."

పోయాం. పెద్దవ్వ పాతచీర ముక్కతో చుట్టబట్ట చేసి నా తలమీద పెట్టబోయింది. మెత్తని స్ప్రింగులు సోమరుల కోసమని రాసిన మహానుభావుడు "ఇంకొంచెం మందంగ చుట్టు పెద్దవ్వా" అని బతిమాలాడు. దాని మీద ఒక కుండ, కుండ మీద కుండ. చెప్పులు లేవు. మెడ తిరగదు. ముందు డప్పులు, నడుమ నేను, వెనక నడక వేగాన బుసలు కొడుతూ ఎర్రకారు. తొవ్వ పక్క పత్తి చేలలో ఉన్నవాళ్ళు పని మానుకొని గట్టు మీదికొచ్చారు. "గాయన పేపరాయన గాదు?" అని ఒకావిడ అడిగితే, "అవునవును, ఏందో పరీక్షల ఫెయిలైండట" అని ఇంకొకావిడ చెప్పింది.

చెరువుకట్ట మలుపు వచ్చింది. వెనకనుంచి బావ కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినేట్టు హెచ్చరించాడు.

"మలుపొస్తుంది బామ్మర్ది. ఒరుగకు."

ఒరగలేదు. నా జీవితంలో నేను చూసిన అత్యుత్తమ హ్యాండ్లింగ్ అదే. కుండలన్నీ క్షేమంగా చేరాయి, పెళ్ళి ఆగలేదు. అప్పగింతల వేళ ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకున్న స్వప్న, అత్తగారింటికి పోవడానికి సిద్ధంగా ఉన్న రెండు కార్లనూ చూసి నా దగ్గరికి వచ్చింది.

"మామా, నన్ను ఏ కారుల ఎక్కుమంటవ్?"

పందిరి పందిరంతా నా నోటి వైపే చూసింది.

"మీ అమ్మమ్మ వరసోళ్ళు ఎందుల ఎక్కుతరో అందుల, వాళ్ళ ఒడిల కూసో బిడ్డా" అన్నాను.

ఆనాడే ఐరేని కుండల సాక్షిగా, పెంకుల సాక్షిగా కూడా, ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు ఏ కారు చూపించి ఎలా ఉందన్నా రంగు బాగుందనే చెబుతాను, స్ప్రింగుల జోలికి పోను. మలుపు కనబడితే మాత్రం, కారుతో పనిలేకుండా, ముందుగా నేనే ఒరుగుతాను.