జత కుదరని గొర్రెపిల్ల

మొన్న మనవరాలి కాలేజీ పుస్తకం తిరగేస్తుంటే, సంఖ్య అంటే ఏమిటో చెప్పడానికి అంకెలే అక్కర్లేదని, రెండు గుంపుల్లో ఉన్నవాటిని ఒకదానికొకటి జతచేసినప్పుడు ఏదీ మిగలకపోతే అవి సమానమని, గణితానికి పునాది అక్కడే ఉందని రాసిన పేజీ కనబడింది. గిద్దలూరులో జీవితమంతా లెక్కలు చెప్పినదాన్ని, అది నాకు కొత్త కాదు గానీ, చదువుతుంటే మా గొర్రెల దొడ్డే గుర్తొచ్చింది.

మాది బేస్తవారిపేట పక్క పల్లె, గొర్రెలే ఆధారం. నోటితో లెక్కపెడితే మంద తరుగుతుందని మావాళ్ల నమ్మకం. పగలంతా గంపల కింద మూసిన గొర్రెపిల్లల్ని సాయంత్రం మంద దొడ్డికి చేరగానే వదిలితే, ఏ పిల్లకాపిల్ల తన తల్లి పొదుగు పట్టుకునేది. ఏదీ ఒంటరిగా అరవకపోతే తల్లులన్నీ ఇల్లు చేరినట్టే.

నేను డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, ఒక సాయంత్రం ఒక పిల్ల మిగిలిపోయింది. అది సంతలో కొత్తగా కొన్న తల్లీపిల్లల్లోది, వాటి మొహాలు ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. అన్నీ వచ్చినాయని మేపుకొచ్చిన చిన్నాయన ఒట్టు పెట్టుకున్నాడు. కొన్నవెన్నో ఉన్నవెన్నో చూద్దామని నేను ముందుకు కదిలితే నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

“వద్దు పాపా. పిల్ల అట్ల అరుస్తాంటే ఇంకేం రుజువు కావాల?”

అంటూనే కర్ర తీసుకుని, చిరుత తిరుగుతోందని అందరూ చెప్పుకుంటున్న నల్లమల వాలు ఎక్కిపోయాడు. పొద్దు వాలుతోంది. అప్పుడు గమనించాను, మందలో ఒక గొర్రె నిండు పొదుగుతో అరుస్తూనే, దగ్గరికొచ్చిన ఆ పిల్లనే కుమ్మి తోసేస్తోంది. పొద్దున పిల్ల పుండుకు వేపనూనె పూసిన సంగతి అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. వాసన మారిన పిల్లను తల్లి పోల్చుకోలేదు, అంతే. తప్పిపోయిన గొర్రె అంటూ ఏదీ లేదు.

చిన్నాయన కేకలు వేస్తూ పరుగెత్తాడు. బండల్లో జారి కాలు విరిగిన నాయనను భుజాన వేసుకుని తెచ్చాడు. ఒక్కసారి లెక్కపెట్టనిచ్చి ఉంటే ఇంత జరిగేదా అని నేను ఏడుస్తూ అరిచాను.

“తల్లి బిడ్డను గుర్తుపట్టదని నేనెట్ల అనుకుంటా పాపా?” అన్నాడు నాయన. ఆ కాలు మళ్లీ సరికాలేదు.

ఏ రుజువైనా తవ్వుకుంటూ పోతే రుజువు లేని ఒక నమ్మకం దగ్గర ఆగుతుందని పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆయన కుంటి నడక కళ్లముందు కదిలేది. ఇప్పుడు తమ్ముడి మందలో ప్రతి చెవికీ నంబరు బిళ్ల ఉంది, ఎవరూ కొండెక్కనక్కర్లేదు, అది మంచిదే. కానీ సాయంత్రం పిల్లల్ని వదిలే వేళకు, ఏది ఇంకా అరుస్తోందో వినడానికి ఆ దొడ్లో ఎవరూ నిలబడడం లేదు.