ఎవరూ చదవని గోడ

గిరిప్రసాద్‌ను నేను మొదటిసారి చూసినప్పుడు అతను ఒక బల్ల కింద పడుకుని ఉన్నాడు. నేను ఆ బల్ల ఇవతల నిలబడి ఒకడిని తిడుతున్నాను.

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జరిగిందిది. అక్కడ ట్రాక్టర్లను చక్రాలతో సహా తూచే పెద్ద కాటా ఉంది. నిండు బండిని ఒకసారి తూస్తారు, కాయలు దించాక ఖాళీ బండిని మళ్ళీ తూస్తారు. ఆ రెండింటి తేడా మన కాయల బరువు. ఆ రోజు నేను నూటపది గంపల తోతాపురి మామిడి తీసుకుపోయాను. గంపకు ఎంత పడుతుందో ముప్పై ఏళ్ళుగా నా చేతులకు తెలుసు. చీటీలో మూడు వందల కిలోలు తక్కువ వచ్చింది.

కాటా గుమాస్తా మునిప్రసాద్ నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనేం చేసేదమ్మా, కంప్యూటర్ సెప్పింది. కంప్యూటర్ అబద్దం సెప్తాదా?"

"అదేమన్నా నీ మేనత్త కూతురా, దాన్ని అంత ఎనకేసుకొస్తాండావు?" అన్నాను.

వరుసలో ఉన్న డ్రైవర్లు నవ్వారు. అప్పుడే బల్ల కింద చెడిపోయిన రెండో ప్రింటరును బాగుచేస్తున్న మనిషి పాక్కుంటూ బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా నిండా సిరా మరకలు.

"కంప్యూటర్ దానంతటది ఏమీ సెప్పదబ్బా. ఎవురో నేర్పిచ్చింటారు. ఏం నేర్పినారో రొంత సూడనీ."

"అది కంపెనీ రహస్యం. తాళం ఏసుండాది," అన్నాడు మునిప్రసాద్. "నువ్వు వొచ్చింది ప్రింటర్ కోసరం. ఆ పని సూసుకో."

"సరే, తాళం నీకాడే పెట్టుకో. ఈయమ్మ ఖాళీ బండిని ఇంకోతూరి ఎక్కించు."

ఎక్కించారు. మూడు వేల రెండు వందల నలభై అని చీటీ వచ్చింది. గిరిప్రసాద్ ఆరుగురు డ్రైవర్లను పిలిచి బండిలోకి ఎక్కమన్నాడు. ఎందుకో తెలియకపోయినా వాళ్ళు సరదాగా ఎక్కి కూర్చున్నారు. మళ్ళీ చీటీ తీయించాడు. మూడు వేల రెండు వందల నలభై.

"ఏమప్పా, ఆరుమంది మగోళ్ళు ఎక్కినా కిలో పెరగలేదే? వీళ్ళు మనుషులా, గాలిబుడగలా?"

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు సారూ, దానికే!" అని బండిలోంచి ఎవరో అరిచారు.

అప్పుడు అందరికీ అర్థమైంది. ట్రాక్టరు నంబరు కొట్టగానే ఆ యంత్రం ఎప్పుడో రాసిపెట్టుకున్న అంకెను అచ్చు వేస్తోంది, ఖాళీ బండిని తూయడమే లేదు. కాటా మీది అసలు బరువును బయటివాళ్ళకు ఎర్ర అంకెల్లో చూపే పెట్టె చెడిపోయిందని దాని మీద గోనెసంచి కప్పి ఉంచారు. ఆ సంచిని లాగి పారేసింది నేనే. అంకెలు చక్కగా వెలుగుతున్నాయి. సాయంత్రానికి నా చీటీ మారింది, నా వెనకవాళ్ళ చీటీలూ మారాయి. ప్రింటరు సగంలోనే ఉండిపోయింది. ఇక ఈ గడప తొక్కొద్దని ఫ్యాక్టరీవాళ్ళు గిరిప్రసాద్‌కు చెప్పారు.

ఇది పదకొండేళ్ళ కిందటి మాట. ఆ సంగతి విని మేము కాయలు అమ్మే మండీ యజమాని అతన్ని పిలిపించి తన కాటా అప్పగించాడు. గిరిప్రసాద్ అంతకుముందు చిత్తూరులో కంప్యూటర్లు బాగుచేసేవాడట. కాటా పక్కన రేకుల గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఎవరో పారేసిన కంప్యూటర్లు నాలుగు పెట్టుకుని దిగాడు. పెళ్ళి కాలేదు. ఒకసారి పెళ్ళిచూపులకు పోయి, పిల్ల తండ్రి ఫోను తీసుకుని అందులో ఏ యాప్ ఏమేం దొంగిలిస్తోందో గంటసేపు వివరించి వచ్చాడట. అతనికి సంబంధం తెచ్చినవాళ్ళు ఆ తర్వాత లేరు.

కాటాకు కావలసిన ప్రోగ్రామును తానే రాసుకున్నాడు. ప్రోగ్రాము అంటే యంత్రం ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అని వరుసగా రాసిపెట్టడమేనని నాకు చెప్పాడు. రాసి దాచుకోలేదు. ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దుకోవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇంకో ఐదు ఊళ్ళ కాటాలవాళ్ళు తీసుకున్నారు కూడా. అది చాలదన్నట్టు ఇరవై మూడు కాగితాల మీద అచ్చు తీసి, గది బయటి గోడకు అతికించాడు.

"ఇదంతా ఇంగిలీసు. ఎవురు సదవాలప్పా దీన్ని?" అని అడిగాను.

"ఎవురైనా."

"ఎవురూ సదవకపోతే?"

"సదవాలనుకుంటే సదివేదానికి ఉండాల గదా పెద్దమ్మా. తాళమేసిన పెట్టె ముందర నువ్వు ఎంత తెలివిగల్లదానివైనా బిచ్చగత్తెవే."

నన్ను బిచ్చగత్తె అన్న మగవాడు అంతవరకు లేడు. మాట నిజమే కనుక ఊరుకున్నాను. ఆ కాగితాల్లో తొమ్మిదోదాన్ని ఎవరో చింపి చెనిక్కాయలు పొట్లం కట్టుకున్నారు. గిరిప్రసాద్ కోపపడకుండా ఇంకొకటి అచ్చు తీసి అతికించాడు. "తీసుకున్నోడు రొంతన్నా సదివింటాడేమో" అన్నాడు.

జూన్‌లో కాయ విరగబడినప్పుడు ట్రాక్టర్లు రోజంతా వరుసలో నిలబడాలి. ఆ వరుసలో ఉన్నవాళ్ళకు గిరిప్రసాద్ ఫోనులో వార్తలు చదివి వినిపించేవాడు. సినిమా వార్తలు కాదు, ఎన్నికల వార్తలూ కాదు. వేలమంది కలిసి పైసా తీసుకోకుండా రాసిన ప్రోగ్రామును ఒక కంపెనీ తనదే అంటూ కొత్త షరతులు పెట్టి మూసేసిందని వస్తే, ఆ పూట అతనికి అన్నం దిగదు. పాత కంప్యూటర్ల బాగోగులు ఇక చూసేది లేదని ఒక పెద్ద కంపెనీ చెప్పిందని తెలిసి తిరుపతికి పరుగెత్తాడు. ఒక లాడ్జివాళ్ళు పారేయబోయిన ఆరు మిషన్లలో అందరికీ తెరిచి ఉండే సిస్టం వేసి బతికించి వచ్చాడు. వారం తిరక్కుండా లాడ్జి నుంచి ఫోను. "అంతా బాగుండాది సారూ, తెర మింద ఆ మూలనుండే బొమ్మ ఈ మూలకొచ్చేసింది. మాకు పాతదే ఏసియ్యండి."

ఇప్పుడు కొత్తగా అడిగినదానికల్లా జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి కదా, వాటి మీద ఇంకా కోపం.

"ఊర్లోవాళ్ళ రాతలన్నీ మింగేసి, అంతా నా తెలివే అంటాది పెద్దమ్మా."

"మా తోడికోడలు యాభై ఏండ్లుగా సేస్తాండే పని అదే," అన్నాను.

అతను ఆ వార్తలు మొదలుపెట్టగానే డ్రైవర్లు ఒక్కొక్కరే టీ కొట్టుకు జారుకునేవారు. ఒకరోజు చూస్తే గది నీడలో నేనొక్కదాన్నే మిగిలాను.

"ఇనేదానికి నువ్వొక్కదానివే ఉండావు పెద్దమ్మా."

"మోకాళ్ళు బాగుంటే నేనూ పోయేదాన్నే."

అతను నవ్వాడు, కానీ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

అతనికి ఒక కట్టుబాటు ఉంది. తాను రాసినదాన్ని తానే సరే అనుకోకూడదు. ఇంకొక మనిషి చూసి ఒప్పుకున్నాకే కాటాలోకి ఎక్కించాలి. ఆ ఇంకొక మనిషి నాయుడుపేటలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసే భానుచందర్. ఇద్దరూ కలుసుకున్నది రెండే సార్లు, కానీ ఏడేళ్ళు రోజూ రాసుకున్నారు. తప్పు చూపించి భానుచందర్ ఎగతాళి చేసిన రోజు గిరిప్రసాద్ ముఖం పండగలా ఉండేది. పోయిన సంవత్సరం ఏప్రిల్‌లో అతని దగ్గర నుంచి ఒకే ఒక్క ముక్క వచ్చింది. "అన్నా, పనీ ఇల్లూ సరిపోతా ఉండాయి. ఇంక నా వల్ల కాదు."

గిరిప్రసాద్ ఇంటర్నెట్‌లో అడిగాడు. ఐదు కాటాలవాళ్ళనూ అడిగాడు. వాళ్ళు "బాగానే ఉండాది గదా సారూ, ఇంగేం సూడాల?" అన్నారు. సీజను నెత్తి మీదికి వచ్చింది. ఆ ఒక్కసారి తాను రాసిన మార్పును తానే చూసుకుని, తానే సరే అనుకుని ఎక్కించాడు.

ఆ రోజుల్లోనే నాకొక వార్త చెప్పాడు. ఎక్కడో ఒక దేశంలో ఒక్కడే కూర్చుని చూసుకునే చిన్న ప్రోగ్రాము ఉందట. ప్రపంచంలో సగం మిషన్లు దాని మీద ఆధారపడి ఉన్నాయట. అలసిపోయిన ఆ మనిషికి సాయం చేస్తానని ఒకడు వచ్చి, రెండేళ్ళు నమ్మించి, లోపల దొంగదారి పెట్టాడట. ఇంకెవరో తన మిషను అర సెకను ఆలస్యంగా ఎందుకు పలుకుతోందని వెతికితే అది బయటపడిందట.

"అర సెకను!" అన్నాడు గిరిప్రసాద్. "అట్ల అనుమానపడే మడిసి దొరకడం ఎంత అదృష్టం పెద్దమ్మా."

దొంగను వదిలిపెట్టి అనుమానపడ్డవాడిని పొగుడుతాడేమిటి అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొన్న మార్చిలో అతను టీవీఎస్ బండి మీద మా ఇంటికి వచ్చాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ రాలేదు. మజ్జిగ ఇస్తే, ఈ పూటకే ఎనిమిది ఇళ్ళలో తాగానన్నాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది.

"పోయిన సీజనంతా నా కాటా తప్పు తూసింది పెద్దమ్మా."

విషయం ఇది. కాటా పది కిలోల లోపు చిల్లరను సర్దేటప్పుడు నిండు బండికి కిందికి దించింది, ఖాళీ బండికి పైకి ఎత్తింది. రెండు విధాలా రైతుకే నష్టం. బండికి సగటున పది కిలోలు పోయాయి. ఆ తప్పు అతను ఒక్కడే చూసుకుని ఎక్కించిన మార్పులోది. పది నెలల తర్వాత, ఏమీ తోచక పాత రాత చదువుకుంటుంటే కనబడింది. ఆ పది నెలలూ అది గోడ మీదే ఉంది. వెంటనే దిద్ది, ఐదు కాటాలకూ పంపి, రైతుల ఇళ్ళకు తిరుగుతూ ఒక్కొక్కరికీ కొత్త చీటీ ఇస్తున్నాడు.

"పది కిలోలా? పోతే పోనీలేప్పా," అన్నాను. "దిద్దినావు గదా."

అతను కాగితాలు అరుగు మీద పెట్టి నా వైపు చూశాడు.

"నువ్వూ అదే మాట అన్నావు. నలభై మూడు ఇండ్లు తిరిగినా. 'నువ్వు గాబట్టి సెప్పినావు సారూ' అని మజ్జిగ ఇచ్చి పంపిచ్చినారు. ఒక్కరు తిట్టలే. ఒక్కరు, ఈ కొత్త చీటీ మాత్రం నిజమా అని అడగలే. తాళమేసిన పెట్టెను ఎవురూ సూడలేరు. నాదాన్ని ఎవురూ సూడరు. ఏం తేడా పెద్దమ్మా?"

వేరే కాటా అయితే నేను గంపలు లెక్కపెట్టుకునేదాన్ని. గిరి కాటాయే కదా అని పోయిన సంవత్సరం లెక్కే పెట్టలేదు. ఊరందరి మర్యాదా అందుకుని ఆ మనిషి ఎంత ఒంటరివాడైపోయాడో అప్పుడు తెలిసింది.

"నేనేం సేసేదప్పా? నాలుగో తరగతి సదివినాను. నీ గోడ మింద ఒక్క ముక్క తెలీదు నాకు."

"కంప్యూటర్ తెలిసినోళ్ళు దొరకరు, దొరికినా నిలవరు. నాకు నన్ను నమ్మని మడిసి కావాల. నీ ఇంట్లో తక్కెడ ఉండాదా?"

"అటక మింద ఉండాది. ఎందుకు?"

"రేపు బేస్తవారం నుంచి సీజను అయిపోయేదాకా, వారానికొకతూరి ఇరవై మూటల చెనిక్కాయలు తక్కెడలో నువ్వే తూసుకొని బండిలో ఏసుకొని రా. ఎంతుండాయో నాకు సెప్పొద్దు. నా కాటా మింద తూసి, చీటీ నువ్వే సూసుకో."

"తేడా వొస్తే నీకు సెప్తా, సరేనా?"

"నాకు గాదు పెద్దమ్మా. రోడ్డు మీదికి పోయి, నీ గొంతు ఎంతుంటే అంత పెట్టి అరిసెయ్. జనమంతా వొచ్చినాక నన్ను పిలువు."