వసారాలో మూడు రోజులు

అలమేలుమంగతో కూడిన శ్రీనివాసుడికి జయమగుగాక. ఆయన దయ లేనిదే ఈ నాలుగు మాటలు రాసే శక్తి నాకు లేదు.

నేను దయ్యాలను నమ్మిన మనిషిని కాదు. చిన్నప్పుడు గుడి గోష్ఠిలో మా నాయన పక్కన కూర్చుని ఆళ్వార్ల పాశురాలు నేర్చుకున్నదాన్ని. లోకమంతా నారాయణుడే నిండి ఉంటే దయ్యం ఎక్కడ నిలబడుతుందని అందరితో వాదించేదాన్ని.

మాది కార్వేటినగరం దగ్గర పల్లె. మా ఆయన అక్కడి పెరుమాళ్ల గుడిలో అర్చకులు. స్వామి నైవేద్యం మా వంటింట్లోనే మడితో వండాలి. నెలసరి వచ్చిన మూడు రోజులూ నేను పెరటి వసారాలో చాప మీద ఉండేదాన్ని. అత్తమ్మ కంచం తెచ్చి దూరంగా పెట్టేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పొయ్యి దగ్గర నిలబడలేక నన్ను తిట్టేది.

ముప్పై దాటినా పిల్లల మీద ఆశ వదల్లేదు. కడుపునొప్పి వస్తే తిరుపతిలో ఒక నర్సింగ్ హోంకు తీసుకెళ్లారు. గర్భసంచి పక్కన నీటిబుడగ ఉందని, అది తీసేస్తే కడుపు పండుతుందని నాకు చెప్పారు. మత్తు దిగాక కట్టు మారుస్తూ ఆయా నవ్వింది.

"ఏడుస్తావేంది మే? సంచే తీసేసినారు. ఇంక నెలనెలా గుడ్డలు ఉతికే పనే లేదు. మాకు యాడుండాది ఈ అదృష్టం!"

డాక్టరమ్మను అడిగాను. ఆమె నా ముఖం చూడలేదు. "మీ అత్తే తీసేయమనింది. ఇన్నేళ్లు పుట్టనోళ్లు ఇప్పుడు పుడతారా?" అంది.

మా ఆయన గోడవైపు చూస్తూ, "స్వామి కార్యం కోసమే కదా" అన్నారు.

కుట్లు మానాక, ఇక నెలంతా నేనే వండేలా వంటింట్లో చేరాను. ఒక మధ్యాహ్నం అత్తమ్మ పాత అలవాటున వసారాలో అన్నం పెట్టి వచ్చింది. నేను పొయ్యి దగ్గరే ఉండటం చూసి, నాలుక కరుచుకుని వెనక్కి వెళ్లింది. కంచం ఖాళీ. అడుగున వేళ్ల గీతలు. చుట్టి పెట్టిన చాప పరిచి ఉంది. దాని మీద తడి ఆరని రక్తపు మరక.

ఎవరో వచ్చి తిన్నారనుకుందామంటే పెరటి తలుపు గడియ వేసే ఉంది. పిల్లి అనుకుందామంటే పిల్లి చాప పరచదు.

మరుసటి నెల అవే రోజుల్లో అత్తమ్మ కంచం పెట్టలేదు. పట్టపగలు వసారాలోంచి ఆకలి మూలుగు వినిపించింది. మా ఆయనా విన్నారు. అన్నం పెట్టాకే ఆగింది.

అత్తమ్మ నా మీద విరుచుకుపడింది. "నీదేనే అది! నీ మైలే ఆడ కూర్చోనుండాది. పో, ఈ మూడు దినాలూ దాని పక్కనే కూర్చో. ఆ చేత్తో పెరుమాళ్లకు వండొద్దు."

ఇప్పుడు నెలకు మూడు రోజులు నేను మళ్లీ వసారాలోనే ఉంటున్నాను. అత్తమ్మ రెండు కంచాలు పెట్టి, మోకాళ్లు పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంది. నా పక్కన ఎవరూ కనిపించరు. నేను చూస్తున్నంతసేపూ రెండో కంచంలో అన్నం అలాగే ఉంటుంది. తల తిప్పితే ఉండదు.

అది ఎవరో శాస్త్రం చదివిన పెద్దలకూ తెలియదు. నాకూ తెలియదు.

ఇది చదివే తల్లులారా, నాకు సంతానం ఇమ్మని వేడుకోకండి. ఆ కోరికను వాళ్లు కోసి పారేశారు. నా పక్కన కూర్చున్నది ఎవరైనా సరే, ఆమె ఆకలి తీర్చమని మాత్రం నాతో కలిసి ఒక్కసారి అమ్మవారికి చేతులు జోడించండి.